స్పీడ్ బ్రేకర్ దగ్గర దిగే అక్క

బడి ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర నల్లటి చిన్న కారు ఒకటి ఆగుతుంది. పక్క తలుపు తెరుచుకుంటుంది. యాభై దాటిన ఒకామె ముందు ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తుంది. మెల్లగా నడిచి అవతలికి వెళ్లి నిలబడుతుంది. అప్పుడు కారు ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నే ఎక్కిస్తూ, అడుగు గీరుకోకుండా దాటుతుంది. ఆమె మళ్లీ వంగి, లోపలికి జారి కూర్చుంటుంది.

చూసేవాళ్లకు ఇదో తమాషా. "కారు మనిషిని మొయ్యాలి గానీ, కారుకి బరువని మనిషి దిగడమేంటి!" అని బడి గేటు దగ్గరి వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఆమె ఎక్కడికి వెళ్తోందని మాత్రం అడగలేదు. మనమూ అడిగేవాళ్లం కాదు లెండి. ఆమె డయాలసిస్‌కి వెళ్తోంది.

రెండు కిడ్నీలూ మొరాయించాయి. వారానికి మూడుసార్లు మెషీన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటే తప్ప ఒళ్లు నిలవదు. కారు ఆమె భర్త బతికున్నప్పుడు కొన్నది. ఆమెకు నడపడం రాదు, తమ్ముడు నడుపుతాడు. ఆ తమ్ముణ్ని చెడ్డవాడంటే కళ్లు పోతాయి. సైన్‌బోర్డుల షాపులో స్టిక్కర్ అక్షరాలు కోసి అతికించే పని అతనిది. యజమాని చేత మాటలు పడుతూ కూడా, పూటకు పూట పని మానుకుని అక్కను తీసుకెళ్లేవాడు. తల్లి పోయాక తనకు తల దువ్వింది, అన్నం పెట్టింది అక్కేనని అతను ఏనాడూ మరిచిపోలేదు.

మరి ఇంత మంచివాడి కారులో ఈ అఘాయిత్యం ఎలా జరిగింది? అదే చెప్పబోతున్నాను.

మొదట కారు రంగు వెలిసిపోయిందని, షాపులో మిగిలిన నల్ల స్టిక్కర్‌తో కారంతా చుట్టాడు. పనితనం ఉన్నవాడు, ఎక్కడా అతుకు కనిపించనివ్వలేదు. వీధిలో నలుగురూ మెచ్చుకున్నారు. ఈ మెచ్చుకోలు ఉంది చూశారూ, అది పాడు రుచి, మరిగితే వదలదు. ఆ తర్వాత వెడల్పాటి చక్రాలొచ్చాయి. వెనక రెక్కలాంటి స్పాయిలర్ వచ్చింది. తీరా చూస్తే మైలేజ్ పడిపోయింది. అప్పుడు మొదలైంది రెండో పిచ్చి.

"కారుని కిందికి దించెయ్ గురూ. అడుగున గాలి దూరదు, పెట్రోలు మిగులుద్ది. చూడ్డానికీ పులిలా ఉంటది" అన్నారు కార్ల సరదా ఉన్న స్నేహితులు. సలహాదేముంది, ఇచ్చినవాడికి ఖర్చు లేదు.

కారుని మోసే స్ప్రింగులు కోయమంటే ముసలి మెకానిక్ తటపటాయించాడు. "కోస్తే మళ్లీ అతకవు బాబూ. ఈ మోడల్ ఆగిపోయి ఏళ్లయింది, కొత్తవి దొరకవు. ఇంట్లో ఒకమాట అడిగి రా."

"అడిగానన్నా. అక్క సరేనంది."

అబద్ధం కాదు, అడిగాడు. "నీ ఇష్టంరా, నాకేం తెలుసు?" అంది అక్క. ఆ మాటను అతను అంగీకారమనుకున్నాడు.

కారు దిగింది. తర్వాత బరువు తగ్గించాలని స్టెప్నీ తీసేశాడు. సీట్లలో స్పాంజి పీకించి పలచటి రేకు సీట్లు వేయించాడు. ఏసీ ఇంజన్ బలం తినేస్తోందని దాని బెల్టు ఊడదీశాడు. అద్దాలు దించితే గాలి అడ్డుకుంటుందని మండే ఎండలో కూడా దించనిచ్చేవాడు కాదు. ఇదంతా అక్క కోసమేనని మనస్ఫూర్తిగా నమ్మాడు, పాపం! మిగిలే పెట్రోలు అక్క ట్రిప్పులకే కదా మరి.

అక్క ఒక్కసారి నోరు తెరిచింది. "ఒరేయ్, ఈ సీటు మరీ కిందికి ఉందేమో కదరా?"

"అలవాటైపోద్దక్కా! నిన్న లీటరుకి ఎంత ఇచ్చిందో తెలుసా?" అన్నాడు తమ్ముడు. ఆ ముఖంలో వెలుగు చూసి ఆమె మాట మింగేసింది. పని మానుకుని తిప్పుతున్నాడు. వాడికి పెళ్లాం ఉంది, సంసారం ఉంది. వాణ్ని నొప్పిస్తే రేపు తనను ఎవరు తీసుకెళ్తారు? తమ్ముడు వదిలేసే రకం కాదని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆ భయం ఒకసారి మనసులో పడ్డాక నోరు పెగల్లేదు.

అతని భార్య మాత్రం కనిపెట్టింది. "వదిన కాళ్లు చూశారా, ఎలా వాచిపోయాయో? ఆ బండిలో దిగలేక ఎక్కలేక..."

"అక్కే ఏమీ అనడం లేదు, మధ్యలో నీకేంటే బాధ?" అని కసిరాడు.

ఒక మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. ఒంట్లో నీరంతా లాగేశాక మనిషి వడిలిన తోటకూర కాడలా అయిపోతుంది. బడి దగ్గరికి రాగానే తమ్ముడు మామూలుగానే, "అక్కా, ఒక్కసారి దిగవా?" అన్నాడు. దిగింది. రెండడుగులు వేసి, నడవలేక, రోడ్డు పక్క అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకుంది. అదే సమయానికి ఎవరో పెద్దమనిషి కారు దగ్గర ఆగాడు.

"భలే చేయించావయ్యా! ఎంత ఇస్తోంది?"

తమ్ముడు సంబరంగా అన్నీ చెప్పాడు. చక్రాలు చూపించాడు, స్పాయిలర్ చూపించాడు. ఇద్దరూ బానెట్ ఎత్తి చూస్తున్నంతసేపూ ఆమె ఆ ఎండలోనే కూర్చుంది. పిలవడానికి ఓపిక లేదు. ఓపిక ఉన్నా పిలిచేది కాదు.

ఆ వారం ఇంటికొచ్చి, "డాక్టరుగారు ఇకమీద రెండుసార్లు చాలన్నార్రా" అని చెప్పింది.

"మంచిదేగా అక్కా! నయమవుతోందన్నమాట!" అన్నాడు తమ్ముడు. అతని సంతోషం చూసి ఆమె కూడా నవ్వింది. అంతకన్నా ఏం చేయగలదు?

కొన్నాళ్లకు ఒక ఉదయం ఆమె ఊపిరి అందక లేచి కూర్చుంది. ముఖమంతా ఉబ్బిపోయింది. తమ్ముడూ మరదలూ ఆమెను కారు దాకా నడిపించారు గానీ, ఆ లోతు సీటులోకి వంచబోతే ఊపిరి ఆగినంత పనైంది. ఎలాగో ఎక్కించారు, మరదలూ వెనక ఎక్కింది. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఇవాళ దిగమని ఎలా అంటాడు? కారుని అలాగే దాని మీదికి ఎక్కించాడు. ముగ్గురి బరువుకు కారు అడుగు స్పీడ్ బ్రేకర్ మీద కూర్చుండిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. తమ్ముడు దిగి నెట్టాడు, కాలితో తన్నాడు, దారినపోయేవాళ్లను దణ్ణం పెట్టి పిలిచాడు. లోపల అక్క నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. చివరికి వెనక వచ్చిన సరుకుల వ్యాన్ డ్రైవరు అట్టపెట్టెలు పక్కకు నెట్టి ఆమెను ఎక్కించుకున్నాడు.

ప్రాణం దక్కింది. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరి గుండె దెబ్బతింది. ఇక నడవలేదు, ఎక్కడికైనా మంచం మీదే మోసుకెళ్లాలి అన్నారు డాక్టర్లు.

"వారానికి ఒక పూట ఎందుకు మానిపించారు?" అని డయాలసిస్ నర్సు నిలదీసింది.

"డాక్టరుగారే రెండుసార్లు చాలన్నారట కదమ్మా?"

"ఇక్కడ ఎవరూ అలా అనలేదు. మాకేమో ఇంట్లో వీలుపడ్డం లేదని చెప్పింది."

తమ్ముడు అక్క మంచం దగ్గరికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఒట్టేసి చెప్పు. ఆ కారులో నీకు కష్టంగా ఉండేదా? తిట్టు, కొట్టు, కానీ నిజం చెప్పు."

ఆమె వాచిన వేళ్లతో అతని చెయ్యి నిమిరింది.

"లేదురా. హాయిగానే ఉండేది."

అతను ఏడుస్తూ నర్సు దగ్గరికి పరుగెత్తాడు. "నాకు నిజం చెప్పడం లేదమ్మా! మీరైనా అడగండి."

"నేనడిగినా చెప్పదు బాబూ" అంది నర్సు. "రేపు నాతో కూడా పనుంది కదా ఆవిడకి. మన చేతిలో ఉన్నవాళ్లు మనకి మంచి మాటలే చెప్తారు. వాళ్ల నోటినుంచి వింటేగానీ తెలియదంటే ఎప్పటికీ తెలియదు. చూసుకోవాల్సింది మనమే."

పాఠకులారా, ఆ తమ్ముడు ఇప్పటికీ రోజూ అడుగుతూనే ఉన్నాడు, ఆమె రోజూ అదే జవాబు చెబుతోంది. మీ సాయంతో బతికే మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ మనిషి ఏమీ అనడం లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి, కాదనగలిగే ధైర్యాన్ని కూడా మీరే ఇవ్వాలి.