మాత్రకీ కాఫీకీ మధ్య

ఇంకా నలభై నిమిషాలు, ఈ గోడ గడియారంలో బ్యాటరీ అయిపోయిందేమో, కాదు, పెద్దముల్లు కదులుతూనే ఉంది, నీ తొందరతో నాకేం పని అన్నట్టు కదులుతోంది, మా ఆవిడ ఆరుంపావుకి మాత్ర వేసుకుంది, ఉత్త మంచినీళ్ళతో, నా కళ్ళముందే గ్లాసు ఖాళీచేసి బోర్లించింది, ఇక ఏడుంపావుదాకా కాఫీ లేదు, పాలు లేవు, బిస్కెట్టు ముక్క కూడా లేదు, ఇదంతా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి ఏడు వారాలైంది, నిన్న రక్తపరీక్ష కాగితం వచ్చింది, థైరాయిడ్ అంకె దారికొచ్చేసింది, డాక్టరు కళ్ళజోడు తీసి ఇంక నిశ్చింతగా ఉండండి అన్నాడు, ఆ కాగితం ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది, ఊరికే తీసి చూసుకుంటున్నాను, ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఆర్డరు కాగితాన్ని ఇన్నిసార్లు చూసుకోలేదు, పక్కగదిలో ఆవిడ బీరువా తలుపు తీసిన చప్పుడు, హ్యాంగర్లు జరిపిన చప్పుడు, ఏదో కూనిరాగం కూడా, రాగం ఏమిటో దేవుడికే తెలియాలి, శ్రుతి ఎప్పుడూ లేదు, అయినా హాయిగా ఉంది.

ఆర్నెల్ల కిందట ఇదే వంటింట్లో స్పూను పట్టుకుని అలా నిలబడిపోయింది, ఏం కావాలోయ్ అంటే తెలీదండీ అంది, అంత తేలిగ్గా అంది, మిట్టమధ్యాహ్నం స్వెట్టరు, ముఖం ఉబ్బి, గొంతు బరువెక్కి, కూర్చున్నచోటే కునుకు, అమ్మాయి ఫోన్ చేసిందా అని గంటలో మూడుసార్లు అడిగేది, చేసిందని మూడుసార్లూ కొత్తగా చెప్పేవాణ్ణి, అన్నిటికంటే నన్ను హడలెత్తించింది మీ ఇష్టం అన్న మాట, కర్టెన్లు ఏ రంగువి కొందాం అంటే మీ ఇష్టం, ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు, నా ఇష్టమే అయితే ఇంట్లో ఒక్క సామానూ ఉన్నచోట ఉండేది కాదు, వాళ్ళక్కకీ ఇలాగే మొదలైంది, చివరికి కట్టుకున్నవాణ్ణి పట్టుకుని ఎవరు బాబూ మీరు అని అడిగింది, ఆ పెద్దాయన గుమ్మంలో నిలబడి తన పేరు చెప్పుకున్నాడు, నేను విన్నాను, రేపో మాపో నేనూ అలా చెప్పుకోవాలా అని బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను, డాక్టరేమో మోతాదు పెంచాడు, మళ్ళీ పెంచాడు, అంకె కదల్లేదు, రోజూ వేసుకుంటున్నారా అని నన్నడిగాడు, నన్ను, స్వయంగా నా చేత్తో ఇస్తున్నానండీ అని ఇంతెత్తున లేచాను.

నా చేత్తో ఇవ్వడమే కొంప ముంచింది, ముప్పైఒక్కేళ్ళు పార్శిల్ ఆఫీసులో సార్టింగ్ చేసినవాణ్ణి, ఒకే చిరునామాకి ఐదు పొట్లాలొస్తే ఐదూ కలిపి ఒకే కట్ట కట్టేవాణ్ణి, డెలివరీ కుర్రాళ్ళు ఐదుసార్లు మెట్లెక్కడం ఎందుకని, నాకు కట్టలాయన అని పేరు కూడా పెట్టారు, ఆ బుద్ధి ఇంటికీ తెచ్చుకున్నాను, థైరాయిడ్ మాత్ర, ఎముకలకి కాల్షియం, రక్తానికి ఐరన్, మూడూ చిన్న గిన్నెలో వేసి, పెద్ద గ్లాసుడు పాలు చేతికిచ్చి, ఒక్క గుక్కలో కానిచ్చెయ్ అనేవాణ్ణి, రోజుకొక్కసారి చాలు, ఎంత తెలివి, మూడోసారి పెంచిన చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి, బాబాయ్‌గారూ, ఇవన్నీ ఏ వేళకి ఏది ఇస్తున్నారు అంది, వేళేమిటమ్మా, అన్నీ కలిపి, పాలతో అన్నాను గొప్పగా, ఆ అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుంది, అయ్యో బాబాయ్‌గారూ, కాల్షియం, ఐరన్ ఈ మాత్రని పేగులోనే పట్టేసుకుంటాయి, పాలల్లో ఉన్నదీ కాల్షియమే కదా, పేగు గోడ దాటి రక్తంలో కలిస్తేనే మందు, లేకపోతే చాలామటుకు అలాగే బయటికి పోతుంది, మింగితే సరిపోదండీ, ఒంటబట్టాలి, ఖాళీ కడుపున ఒక్కదాన్నే పంపండి, గంట ఆగండి, మిగతా రెండూ నాలుగు గంటలు పోయాక, ముందు డాక్టరుగారికి చెప్పండి, మోతాదు మార్చాల్సి ఉంటుంది అంది, డాక్టరు వింటూనే మొదటి మోతాదుకి తగ్గించేశాడు, నేను బయటికొచ్చి ఆ రోడ్డు మీద, బస్సులూ జనం అలా పోతుంటే, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలీకుండా నిలబడ్డాను, ఆవిడ మతి ఎక్కడికీ పోవడం లేదు, మందే చేరడం లేదు, అడ్డం నిలబడ్డది నేను, ఎంత సిగ్గుగా ఉందో అంత సంతోషంగా ఉంది, నా తప్పే కావడం అంత మంచి వార్త అవుతుందని ఎవరనుకుంటారు.

అంతా బాగానే ఉంది, కానీ నిన్న ఆ కాగితం దాచడానికి సొరుగు తీస్తే మందుల పెట్టెల్లో వచ్చే చీటీలు కనబడ్డాయి, వాటినీ కట్టకట్టి రబ్బరుబ్యాండ్ వేసింది నేనే, అన్నిటికంటే అడుగున మొట్టమొదటి చీటీ, చీమ తలకాయంత అక్షరాలు, విడిగా, పరగడుపున, నీళ్ళతో అన్నచోట కింద పెన్సిల్ గీత, కొంచెం వంకరగా, ఆవిడ గీతే, అప్పుడు గుర్తొచ్చింది, మొదటివారమే కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, ఏమండీ, దీన్ని విడిగా వేసుకోమని ఇందులో, అంటూనే ఉంది, నాకు తెలుసులే, ముందు మింగు అన్నాను, మింగింది, ఏడాదిన్నర మింగింది.

ఏమండోయ్, ఈ దుప్పటి మడతపెట్టింది మీరేనా అంటోంది పక్కగదిలోంచి, కొసకి కొస కలవలేదు, ఇన్నేళ్ళు పార్శిళ్ళు ఏం కట్టారో మహానుభావులు, ఆ ఫ్రిజ్ మీద కాగితం కూడా తీసెయ్యండి, వచ్చినవాళ్ళంతా చదువుతున్నారు, నాకు గుర్తుంటుంది, నాకేం మతిపోలేదు, లేదు, పోలేదు అనుకున్నాను, అయినా అలవాటుకొద్దీ నాకు తెలుసులే అన్నది నాలుక చివరికి వచ్చేసింది, పెదవులు బిగించాను, ఇన్నేళ్ళూ ఆవిడ మాట వెనకాలే నా మాట తోసేశాను, కాస్త కూడా ఖాళీ ఇవ్వకుండా, ఒక్కటీ నా చెవికెక్కలేదు, ఎక్కనిచ్చిందీ లేదు, మాత్రకి గంట ఆగడం నేర్చుకున్నవాణ్ణి ఈ మనిషికి ఆగలేనా, ఆవిడ చెబుతూనే ఉంది, పరుపు సంగతి, చొక్కా బొత్తాం సంగతి, ఏడుంపావుకి ఇంకా అరగంట ఉంది, చెప్పనీ, ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా నేనేమీ మాట్లాడను.