రొట్టెల లారీ, చల్లారిన కాఫీ

సైన్యం కొన్న రొట్టెల లారీ ఒకటి సరిహద్దు శిబిరంలో ఉందని కాగితాలు చెబుతున్నాయి. పొయ్యీ, పిండి కలిపే యంత్రమూ అన్నీ లోపలే ఉన్న లారీ. దాన్ని కళ్లారా చూసి సంతకం పెట్టడం సర్కారు అంతర్గత ఆడిటర్‌నైన నా పని. నాకు ముందు వెళ్లిన ఇద్దరు మగమహారాజులూ మాంసం, పెరుగు కలిపిన మన్‌సఫ్ అన్నం మెక్కి, కునుకు తీసి, లారీ చూడకుండానే రాజధాని అమ్మాన్‌కు తిరిగొచ్చారు. "నువ్వూ అలాగే వచ్చావో, రువైదా, రిటైరయ్యేదాకా బూట్ల గోడౌన్‌లో కూర్చోబెడతా" అన్నాడు మా పెద్దాఫీసరు.

శిబిరంలో కర్నల్ సత్తామ్ ఎదురొచ్చాడు. "రా చెల్లెమ్మా, రా! ముందు భోజనం, తర్వాతే లారీ."

"ముందు లారీ సార్."

"అయ్యో, లారీ ఎక్కడికి పోతుంది?"

అది తేల్చుకోవడానికే కదా వచ్చాను.

నేను నోరెత్తకుండా ఉండాలని గుడారం నిండా తన తెగ పెద్దల్ని కూర్చోబెట్టాడు. వాళ్ల ముందు నా చేతికి కాఫీ అందించాడు. తనిఖీకి వెళ్లినచోట మంచినీళ్లు కూడా ముట్టకూడదని మా నియమం. కప్పు తాగకుండానే కింద పెట్టాను. అందరూ ఆ కప్పుకేసి చూశారు.

కరక్ ఊళ్లో ఈ ఆచారాల మధ్యే పుట్టినదాన్ని, అలా దించిన కప్పుకు అర్థమేమిటో తెలియదని బొంకను. పెట్టింది మాత్రం నియమం ప్రకారమే.

అందరికంటే పెద్దాయన దుగ్మాన్ గొంతు సవరించుకున్నాడు. "ఒరే సత్తామ్, పిల్ల ఏదో కోరి వచ్చింది. తీరుస్తానని మాటిచ్చేదాకా తాగదు. అడగవేంరా?"

"అది కాదు మామా, ఆవిడ ఆఫీసు పని మీద..."

"మన గుడారంలో కాఫీ చల్లారిపోతోంది! పరువు తీస్తావా?"

కర్నల్ కప్పును మళ్లీ నా వైపు జరిపాడు. "తాగు చెల్లెమ్మా. ఏం కోరినా ఇచ్చినట్టే."

"లారీ చూడాలి."

ఒక్క గుక్క తాగాను. ఆ గుక్క సంగతి రిపోర్టులో రాశాను కూడా.

మాట నిలబెడతాడో లేదోనని పెద్దలంతా పికప్పుల్లో మా వెనకే వచ్చారు. ఊళ్లో కర్నల్ తమ్ముడి రొట్టెల దుకాణం వెనక ఉంది లారీ. ఒళ్లంతా గులాబీ రంగు, దాని మీద బంగారు అక్షరాలతో దుకాణం పేరు. వేడి రొట్టెలు దిగుతున్నాయి.

"సరిహద్దులో సిపాయిగా ఉన్న నా మనవడు ఎండు రొట్టె నీళ్లలో నానబెట్టుకు తింటున్నానని ఫోన్లో ఏడుస్తున్నాడు" అన్నాడు దుగ్మాన్. "రోజూ ఈ దుకాణంలో కొని నేను తింటున్నది వాడి కూడేనట్రా?" ఆ ముసలాయన మొహం చూడలేకపోయాను.

శుక్రవారం కరక్‌లో మా ఇంటి ముందు పికప్పులు బారులు తీరాయి. ముందు కర్నల్, వెనక పెద్దలు. తెగకు పెద్ద కనుక దుగ్మాన్‌కూ రాక తప్పలేదు. రిపోర్టు ఇంకా నా సంచిలోనే ఉంది, శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం అందజేయాలి. ఇంతమందీ మా ఇంట్లో కప్పులు దించి, అది చించెయ్యమంటే? కాదంటే మా నాన్న ఊళ్లో తలెత్తుకోలేడు.

వంటింట్లో అమ్మ అప్పుడే కాఫీ కూజా తీస్తోంది. "నీకు దండం పెడతాను, అది దాచెయ్యమ్మా!"

పళ్లెం నేనే తీసుకెళ్లాను. గాజుగ్లాసులు చూసి కర్నల్ తెల్లబోయాడు. "ఇది... టీ కదా?"

"కాఫీ నిండుకుందన్నా. టీకి కోరికలూ మాటివ్వడాలూ ఏమీ ఉండవు. హాయిగా తాగండి."

దుగ్మాన్ ఒక్కడే గ్లాసందుకుని చివరిదాకా తాగి, మీసం తుడుచుకున్నాడు.

"బాగుంది తల్లీ. మా మనవడికి వేడి రొట్టె అందాక మళ్లీ వస్తా. అప్పుడు కాఫీ పెడుదువుగాని."