వీణ షెడ్డుకి హీటరు

హీటరు కొనడానికి పద్దెనిమిది రోజులు తీసుకున్నాడండీ సుందరరామయ్య! ఇంట్లో మనిషికి డాక్టర్లు వారాల్లో లెక్క చెబుతుంటే, ఈయన కానింగ్ వేల్‌లో పెరటి షెడ్డు పొడవూ వెడల్పూ కొలుచుకుంటూ కూర్చున్నాడు. బాయిలర్ల ఇంజనీరుగా రిటైరైన మనిషి, ఊరికే కొంటాడా?

హీటరు షోకుకి కాదు. భార్య జ్ఞానప్రసూన వీణకి మేళం కట్టాలి, అంటే మైనంలో మెట్లు మళ్ళీ నిలబెట్టాలి. పాతికేళ్ళ నాటి మైనం ఎండి, పెళ్ళలు పెళ్ళలుగా ఊడి, ఇరవైనాలుగు మెట్లూ బిస్కెట్ల డబ్బాలో పడున్నాయి. మేళం కట్టడం ఒక్కరి పని కాదు. కొత్త మైనం మెత్తగా ఉండగానే ఆయన మెట్టుని వెంట్రుకవాసి జరుపుతూ ఉండాలి, ఆవిడ తంతి మీటి విని, "కొంచెం కిందికి... ఆఁ, చాలు" అనాలి. చెయ్యి ఆయనది, చెవి ఆవిడది. "పోయేలోగా ఒక్కసారి దీని మీద మోహన వాయించుకోవాలండీ" అంది ఆవిడ. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఇంట్లోనే కడదామంటే, గుగ్గిలం కలిపిన మైనం కరిగించగానే స్మోక్ అలారం గోలపెట్టేస్తుంది. షెడ్డులోనేమో జులై చలి, భూమికి ఈ దక్షిణపు కొసన చలికాలం అప్పుడే. మెట్టు జరిపేలోపే మైనం బిగుసుకుపోతుంది, ఆవిడ వేళ్ళు కొంకర్లు పోతాయి.

వీధి చివరుండే గ్యాస్ ఫిట్టర్ వంశీధర్ షెడ్డులో గ్యాస్ పాయింటు పెట్టడానికొచ్చి రెండు ముక్కల్లో తేల్చేశాడు. "అంకుల్, ఒక టైపు ఫ్యాన్‌తో వేడిగాలి తోస్తుంది. ఇంకోటి రేడియంట్, ఎర్రగా మండుతూ ఎదురుగా ఉన్న మనిషికే వేడి కొడుతుంది. మీ షెడ్డు నిండా కంతలే, గాలి హీటర్ టోటల్ వేస్ట్. ఆంటీ కోసమైతే రేడియంటే తీసుకోండి. కిటికీ మాత్రం ఓపెన్‌గా ఉంచాలి, ఓకేనా?"

సుందరరామయ్య అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. షెడ్డుకి ఎంత వేడి కావాలి, కిటికీ ఎంత తెరవాలి, ఆవిడ కుర్చీ ఎంత దూరంలో ఉండాలి. మైనం సంగతి రాసుకోలేదు. తన చేత్తో స్టవ్ మీద కరిగించే మైనమే, దాని సంగతే రాసుకోలేదు! ఏమనాలి చెప్పండి ఈ మనిషిని?

రేడియంటే కొన్నాడు. నాలుగు రోజుల్లో ఇరవైరెండు మెట్లు నిలబడ్డాయి. "పర్లేదే, మీ చేతికి పనొచ్చిందే" అని వెక్కిరించింది కూడా ఆవిడ. ఐదో రోజు ఆదివారం. సోమవారం నుంచి నొప్పి మందు డోసు పెంచుతామనీ, ఇక మెలకువ తక్కువగానే ఉంటుందనీ నర్సు ముందే చెప్పి వెళ్ళింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఇంకా రెండు మెట్లున్నాయనగా, రెండు దుప్పట్లు కప్పినా ఆవిడకి వణుకు ఆగలేదు. ఆయన హీటరుని మూరెడు దగ్గరికి లాగాడు. బెంచీ మీద వీణా దాని ఎదురుగానే ఉంది. ఆ వెచ్చదనానికి ఆవిడకి కునుకు పట్టింది. నాలుగు రాత్రులుగా నొప్పితో రెప్ప వెయ్యని మనిషి, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది. ఆయన ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు చూశాడో ఆయనకే తెలీదు.

టక్కుమంది. తిరిగి చూస్తే, హీటరు వైపు మైనం నిగనిగలాడుతూ కుంగుతోంది. ఒక మెట్టు జారి బెంచీ మీద పడింది, దాని పక్కది ఒరుగుతోంది. గబాలున లేచి హీటరుని వెనక్కి తోశాడు. ఆవిడ నిద్రలోనే ముడుచుకుపోయి "చలి" అని మూలిగింది. ఆయన మళ్ళీ దగ్గరికి లాగాడు.

మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టొచ్చుగా అంటారా? పెట్టొచ్చు. ముప్పయ్యేళ్ళు బాయిలర్లు చూసుకున్న బుర్రకి ఆ క్షణాన అట్టముక్క తట్టలేదు. ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వీణ వైపు చూడకుండా కూర్చున్నాడు. ఒక్కొక్క మెట్టూ పడుతుంటే వింటూనే ఉన్నాడు.

గంట తర్వాత ఆవిడ కళ్ళు తెరిచింది. వీణని చూసింది. చెయ్యి చాచి మైనంలో వేలు పెట్టింది. వేలికి అంటుకుని సాగింది.

"ఎప్పుడు మొదలైంది?"

"నువ్వు నిద్రపోయావు కదే. లేపబుద్ధి కాలేదు. మళ్ళీ కడదాం ప్రసూనా, రేపటి నుంచి..." అంటూనే రేపు సోమవారమని గుర్తొచ్చి, ఆవిడ దుప్పటి సర్దాడు.

ఆవిడ ఆయన వంక చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో అంత కోపం ఆయన ఎరగడు.

"నిద్రపోడానికి నాకు ముందు బోలెడంత టైముందండీ," అంది. "లేపాల్సింది."