విమలమ్మ కొట్టిన కొమ్మలు

విమలమ్మకి రషీదా మీద కోపం లేదు. కోపమే అయితే నాలుగు మాటలు అనేస్తే తీరిపోయేది. ఉన్నది కడుపుమంట. దానికి పూర్ణా మార్కెట్ అంతా గాలించినా మందు దొరకదు.

ఇద్దరి ఇళ్ళకీ మధ్య గుండెలెత్తు గోడ ఒక్కటే. అవతల రషీదా రాత్రిరాణి, ఇవతల విమలమ్మ రాత్రిరాణి. రెండు మొక్కలూ ఒకే రోజు సబ్బవరం నర్సరీ నుంచి ఒకే ఆటోలో వచ్చాయి. విమలమ్మ తన మొక్కని కన్నబిడ్డలా సాకింది. పోర్టు నుంచి వచ్చి పడే బొగ్గుదుమ్మును రోజూ తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిచేది. చేపలు కడిగిన నీళ్ళు పోసేది. నెలకి రెండుసార్లు గుప్పెడేసి యూరియా చల్లేది. మరి రషీదా ఏం చేసేది? టీ వడగట్టిన పిప్పి మొదట్లో పారబోసేది. అంతే! అయినా సరే, పొద్దుగూకేసరికి ఆ మహాతల్లి చెట్టు గుత్తులు గుత్తులుగా విచ్చుకుని వీధంతా గుబాళించేది. విమలమ్మ చెట్టు ఏనుగులా బలిసింది గాని, ఆకులే ఆకులు.

అక్కడితో ఆగినా బాగుండేది. కిందటేడు విమలమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. సాయంత్రం ఏడింటికి సంఘం వాళ్ళంతా వచ్చి ముంగిట్లో కూర్చున్నారు. పాస్టరమ్మ ప్రసన్నకుమారి గట్టిగా ఊపిరి పీల్చి, "అబ్బ, ఏటి వాసనండీ! మీ చెట్టేనా విమలమ్మగారూ?" అంది. విమలమ్మ నోరు తెరిచేలోపే మొగుడు సుందర్ రాజ్ అందుకున్నాడు. స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి కూడా ఒక్క అబద్ధం నేర్చుకోని మనిషి! "మాది కాదండి, పక్కింటి రషీదాది. మా సెట్టుకి ఆకులే" అనేశాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు విమలమ్మ చెవుల్లో ఏడాది పొడుగునా మోగుతూనే ఉంది.

ఈ ఏడు కూడా కూడిక తమ ఇంట్లోనే అని తెలిసింది. రెండు నెలలు టైముంది. ఈలోగా తన చెట్టన్నా పూయాలి, లేదా అవతలి చెట్టన్నా పూయకుండా ఉండాలి. మొదటిది దేవుడి చేతిలో పని. రెండోదానికి దేవుణ్ణి ఇబ్బంది పెట్టనక్కర్లేదు.

రషీదా కూతురి పురుడని ఎలమంచిలి వెళ్ళింది. మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక విమలమ్మ స్టూలెక్కి కత్తి పట్టుకుంది. గోడమీదికి వాలిన కొమ్మలతో మొదలుపెట్టింది. ఇక చెయ్యి ఆగలేదు. అవతలున్న కొమ్మల్ని కూడా వంగి, లాగి మరీ నరికింది. చివరికి మోడు మిగిలింది. "ఇప్పుడు పుయ్యి, ఏటి పూస్తావో సూత్తాను" అంది చెట్టుతో. కొమ్మలన్నీ గోనెసంచిలో కుక్కి చెత్తబండికి ఇచ్చేసింది. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది. సిగ్గుండాలి, కానీ పట్టింది.

రషీదా తిరిగొచ్చి మోడుని చూసింది. ఒక్క మాట అడగలేదు. విమలమ్మ సిద్ధం చేసుకున్న పది జవాబులూ అలాగే మిగిలిపోయాయి.

మూడు వారాలకి మోడు నిండా లేత కొమ్మలు. ఆరు వారాలు దాటేసరికి కొమ్మకొమ్మకీ మొగ్గలు. కూడిక రోజు సాయంత్రానికి ఆకు కనపడకుండా పూసింది. ఆ చెట్టు పుట్టాక అంత పూత ఎన్నడూ లేదు. విమలమ్మ చెట్టు మాత్రం ఇంకో రెండడుగులు పెరిగి నిగనిగలాడుతోంది.

"కిందటేటికన్నా ఎక్కువుంది వాసన! ఇప్పుడన్నా మీదేనా?" అంది పాస్టరమ్మ. సుందర్ రాజ్ గొంతు సవరించుకున్నాడు. అంతలో, గోడ మీదుగా కుర్చీలు అందిస్తున్న రషీదా అంది:

"అక్కదేనండీ! నాను ఊర్లో లేనప్పుడు అక్కే కొమ్మలు కొట్టింది. నైట్ క్వీన్ కొత్త కొమ్మకే బాగా పూత్తాది. కొట్టు కొట్టు అని మా అబ్బాయి నజీర్‌తో రెండేళ్ళ నుంచి మొత్తుకుంటన్నాను, ఇంటేనా! అక్క సెయ్యి పడింది, సూడండి ఎలాగుందో!"

పాస్టరమ్మ మొహం వెలిగిపోయింది. "మీ చెట్టు పూయకపోయినా పొరుగింటి చెట్టుని చూసుకున్నారు. ప్రేమంటే ఇది కదా! లేవండి విమలమ్మగారూ, సాక్ష్యం చెప్పండి."

సాక్ష్యమంటే నలుగురి మధ్యా నిలబడి, తన బతుకులో దేవుడు చేసిన మేలు ఉన్నదున్నట్టు చెప్పడం. బయట ఎన్ని అబద్ధాలాడినా, అక్కడ నిలబడి విమలమ్మ నలభయ్యేళ్ళలో ఒక్కటి ఆడలేదు. లేచింది.

"నాను మంచికి కొట్టలేదు" అంది. "కుళ్ళుతో కొట్టీసాను. ఆ సెట్టు సచ్చిపోవాలనే కొట్టాను."

సుందర్ రాజ్ తల దించుకున్నాడు. కుర్చీ చేత్తో పట్టుకున్న రషీదా మాత్రం ఫక్కున నవ్వింది.

"నాకు తెల్సక్కా. ఆరోజు నజీర్ అన్నానికొచ్చి కిటికీలోంచి సూసాడట."

"మరి నన్నడగలేదేటే?"

"అడుగుదావనుకున్నాను. ఈలోగా సిగుళ్ళేసింది, నా కోపం పోయింది. వచ్చే ఏడు కూడా నువ్వే కొట్టు. మంచిగా కొడితే ఇంత పూయదేమో!"

అంతా ఒక్కసారిగా నవ్వేశారు. ఆడవాళ్ళు గోడ దగ్గరకి చేరి రషీదా చేతులు పట్టుకున్నారు. ఎంత మంచి మనసమ్మా అన్నారు, ఎవరికుంటుందమ్మా అన్నారు. పరువు పోగొట్టుకుని మరీ నిజం చెప్పిన విమలమ్మ వంక చూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

చివరి ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నారు. విమలమ్మా మూసుకుంది. క్షమించమని అడగాల్సిన సమయమది. కానీ ముక్కుపుటాల నిండా ఆ వాసనే, చెవుల నిండా రషీదాకి అందిన మెప్పులే.

'పూతలో అదే గెలిచింది, పోనీలే అనుకున్నాను. క్షమించడంలో కూడా అదే గెలవాలా ప్రభువా?' అని లోలోపలే మొర పెట్టుకుంది. 'ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దాని సేత నాకేదన్నా అన్యాయం సేయించు. నలుగురి ముందూ నానూ క్షమించీస్తాను.'

పాస్టరమ్మ ప్రార్థన ముగించింది. అందరూ ఆమెన్ అన్నారు. విమలమ్మ అందరికన్నా గట్టిగా అంది.