చొక్కా జేబులో తాళంచెవి

మా బామ్మర్ది బీరయ్య కారు కొన్నప్పుడు బస్తీ అంతటికీ చెప్పుకున్నాడు. నాకు మాత్రం అది చప్పుడు చేయడం మొదలుపెట్టాకే చెప్పాడు.

శాలిబండలో రోడ్డు మీదే నా షెడ్డు. రెండు రేకులు, ఒక షట్టరు, అంతే. కొత్త బండ్లన్నీ కంపెనీ సర్వీసింగుకు పోతాయి. అక్కడ మెత్తటి సోఫా, చల్లగాలి, కప్పు మీద బొమ్మ ఉన్న కాఫీ. బండి పాతబడ్డాక, అక్కడి మర్యాద తగ్గాక, మనుషులకు నేను గుర్తొస్తాను. చుట్టాలకైతే ఇంకొంచెం ఆలస్యంగా.

ఏప్రిల్ ఎండలో, నేను అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకునే వేళకు మాదన్నపేట నుంచి వచ్చాడు బీరయ్య. అక్కడ వాళ్లకు పాల వ్యాపారం. షెడ్డులో ఒక ఆటో ఇంజను దించి ఉంది. అందుకని కారును కొంచెం అవతల, రోడ్డు పక్కనే ఆపించాను.

"బావా, పొద్దుగాల స్టార్ట్ చేస్తే సాలు, కుయ్యిమని ఒకటే ఒర్లుడు. బర్లు గూడ బెదురుతున్నయి."

"బెల్టు వదులైనట్టుంది. చాబీ తే."

"చాబీ ఏంది బావా? దీనికి పెట్టుడు తిప్పుడు లేదు. గీ బటన్ నొక్కుడే." నవ్వాడు. "నువ్వింక పాత జమానలనే ఉన్నవు."

"తిప్పుడో నొక్కుడో, నీ జేబుల ఏదో ఒకటి ఉంటది గద. గది తే."

సబ్బుబిళ్లలాంటి నల్లటి రిమోట్ తీసి, పిల్లాడికి మిఠాయి ఇచ్చినట్టు నా చేతిలో పెట్టాడు. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను.

ఏడో తరగతి మధ్యలో బడి మానేసి ఈ పనిలో చేరినప్పుడు నా ఉస్తాద్ నాకు ఇంజను గురించి ఏమీ చెప్పలేదు. ముందు రెండు మాటలు చెప్పాడు. బానెట్ కింద చెయ్యి పెట్టాలంటే బండి తాళంచెవి నీ జేబులో ఉండాలి. ఒంటి మీద వదులు బట్ట ఉండకూడదు. ఆయన కుడిచేతికి మూడే వేళ్లు. అందుకే ఎందుకని అడగలేదు. అప్పటినుంచి ఎంతటివాడు బండి తెచ్చినా ముందు తాళంచెవి అడుగుతాను. కొందరు నన్ను దొంగను చూసినట్టు చూస్తారు. చూడనీ. నా వేళ్లన్నీ నాకున్నాయి. మా ఇంట్లో పొయ్యి వాటి మీదే వెలుగుతుంది.

మూడో జాగ్రత్త నాకు నేనుగా నేర్చుకున్నది. బ్యాటరీకి ఉండే నల్ల వైరు విప్పేస్తాను. కరెంటు లేకపోతే ఏ బండీ లేవదు. బానెట్ ఎత్తి, పానా పట్టుకుని వంగానో లేదో బీరయ్య డ్రైవర్ సీటులోంచి అరిచాడు.

"బావా, బ్యాటరీ ముట్టకు! పాటల సెట్టింగ్ మొత్తం పోతది. ఇంద్రజ ఫోను గీను కలిపి, ఏమేమో పెట్టుకున్నది. పోతే ఇంట్ల లొల్లి."

"నాకు వేళ్లు ముఖ్యంరా, నీ పెండ్లాం పాటలు కాదు."

"చాబీ నీ జేబులనే ఉన్నది గద. ఇంక ఫికరేంది నీకు?"

నా మాట నాకే అప్పజెప్పాడు. ఆ ఎండలో వాదించే ఓపిక లేదు. పైగా ఇల్లాలి తమ్ముడు. వీడితో మాట పెరిగితే రాత్రి నా కంచం ముందు తేలుతుంది. పానా పక్కన పెట్టాను.

చొక్కా విప్పాను. రోజూ షెడ్డులో మేకుకు తగిలిస్తాను. ఆ రోజు అక్కడిదాకా నడవబుద్ధి కాక, కారు కిటికీలోంచి ముందు సీటు మీదికి విసిరాను. పక్కన డ్రైవర్ సీటులో బీరయ్య ఫోనులో ఎవరితోనో పచ్చిగడ్డి గురించి మాట్లాడుతున్నాడు. నేను బనీనుతోనే వంగి బెల్టును వేళ్లతో మెలితిప్పి, అడుగున పగుళ్లున్నాయేమో చూస్తున్నాను.

ఇంజను లేచింది.

బెల్టు నా చేతిని లాగేసుకుంది. నడిమి వేలు బెల్టుకూ చక్రానికీ మధ్య పడి, అంతలోనే బయటికి వచ్చింది. అరిచానో లేదో నాకు గుర్తు లేదు. రోడ్డు అవతల పంక్చర్ దుకాణం సీమోనుకు మాత్రం వినపడిందట.

"బంద్ చెయ్‌రా బండి! బంద్ చెయ్!" అంటూ అడ్డంపడి వచ్చాడు సీమోను. మెడలోని తువ్వాలతో నా చేతిని గట్టిగా చుట్టి పైకెత్తి పట్టుకున్నాడు. దారిన పోతున్న ఆటో ఒకటి ఆగింది. "క్యా హువా ఉస్తాద్?" అన్నాడు ఆటోవాడు. సీమోను నన్ను లోపలికి తోసి పక్కనే కూర్చున్నాడు.

బీరయ్య కూడా ఎక్కాడు. ఆటోలో నా చెయ్యి వైపు చూడకుండా, బయటికి చూస్తూ మాట్లాడాడు.

"చాబీ నీ దగ్గరుండె గద బావా. గందుకే నొక్కిన. స్టార్ట్ ఎట్లైతదనుకున్న. ఉడకపోస్తుండె, ఉత్త గాలన్న వస్తదేమో అని. కాలు బ్రేక్ మీదున్నది సూస్కోలే."

"చాబీ ఆయన దగ్గరేడున్నది?" అన్నాడు సీమోను. "అంగిల ఉన్నది. అంగి నీ పక్కకే ఉన్నది. గసుంటి బండ్లకు చాబీ లోపట ఉంటే సాలు భాయ్, చేతుల పట్టుకునేది లేదు. నా తాన గాలి కొట్టించుకునేటోళ్లు జేబుల పెట్టుకునే నడుపుతరు. ఇద్దరికిద్దరు మంచిగ దొరికిన్రు."

నేను కళ్లు మూసుకున్నాను. జేబులో తాళంచెవి పెట్టాను. ఒంటి మీద చొక్కా తీశాను. ఉస్తాద్ చెప్పిన రెండు మాటలూ తప్పలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ కొట్లాడుకోని ఆ రెండూ ఆ మధ్యాహ్నం ఆ సీటు మీద ఒకదాన్నొకటి దెబ్బతీశాయి.

దవాఖానాలో గోరు తీసేసి, కుట్లు వేశారు. కొస ఎముక చిట్లిందన్నారు. వేలు ఉంటుంది, మునుపటిలా వంగుతుందో లేదో కట్టు విప్పాకే తెలుస్తుందన్నారు. ఇంటికి రాగానే నా భార్య మహేశ్వరి ఏడ్చింది, ఆ తర్వాత అడిగింది.

"వానికైతే తెల్వదు. అందరికి జాగ్రత్తలు చెప్పేటోనివి, నువ్వన్న చూసుకోవద్దా?"

కట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని గోడవైపు తిరిగాను.

కారు రోడ్డు పక్కనే ఉండిపోయింది. ట్రాఫిక్ వాళ్లు రెండుసార్లు కసిరారు. ఆ వారంలోనే ఒక పొద్దున బీరయ్య కొత్త బెల్టు పట్టుకుని వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు.

"పట్నంల ఇంక మెకానిక్కులు లేరా?" అన్నాను.

"ఉన్నరు. నువ్వు చెప్పు బావా, నేను చేస్త. వేరేటోన్ని పిలిస్తే అక్క నన్ను ఇంట్లకు రానియ్యనన్నది."

స్టూలు నీడలోకి జరుపుకుని కూర్చున్నాను. కట్టు కింద వేలు లోపలినుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు సలుపుతోంది. బీరయ్య బానెట్ ఎత్తి, ఊతకర్ర సరిగ్గా కూర్చుందో లేదో ఊపి చూశాడు. చొక్కా విప్పి, చేతి కడియం తీసి నాకిచ్చాడు. వంగాడు. వాడి చెయ్యి బెల్టు మీదికి పోయి, తాకకుండానే ఆగింది.

"బావా, చాబీ ఏడున్నది?"

"సీమోను దుకాణంల, మేకుకున్నది."

నడుం ఎత్తి రోడ్డు అవతలికి చూశాడు. సీమోను రిమోట్‌ను పైకెత్తి, గంట ఊపినట్టు ఊపి చూపించాడు. బీరయ్య మళ్లీ వంగాడు. మళ్లీ చెయ్యి వెనక్కి తీశాడు.

"బావా."

"ఏందిరా?"

"బ్యాటరీ వైరు గూడ ఇప్పుదామా?"

"పాటలు పోతయి."

"పోనీ తియ్."

ఎడమచేత్తో పానా అందించాను. "నల్లది. నువ్వే ఇప్పు."

విప్పాడు. వైరును పక్కకు వంచి, అది తిరిగి తగలకుండా గుడ్డ కుక్కాడు. చెమట ముక్కు కొసనుంచి ఇంజను మీద పడుతోంది. బెల్టు వైపు చూశాడు, నా కట్టు వైపు చూశాడు.

"ఇగ పెట్టాల్నా చెయ్యి?"

"పెట్టు."

అయినా కాసేపు అలాగే నిలబడ్డాడు. నేను తొందరపెట్టలేదు.