ఇరవై ఆరు ముడులు

నేను ఒక కొబ్బరి తాడును. కోనసీమలో నీళ్లలో నాని, ఎండి, ఒకావిడ అరచేతుల మధ్య నలిగి పుట్టాను. లారీ ఎక్కి తెలంగాణ చేరి, ఒక ప్రాథమిక పాఠశాల బావికి చేదతాడునయ్యాను. బోరు వేశాక నన్ను విరిగిన కుర్చీల గదిలో పడేశారు. మనుషులంతే లెండి, దాహం తీర్చినదాన్ని మర్చిపోవడానికి వాళ్లకు ఒక్క స్విచ్చు చాలు.

నన్ను మళ్లీ వెలుగులోకి తెచ్చింది ప్రమీల టీచర్. ఐదో తరగతి పిల్లల్ని ప్రతి శనివారం ఊరి పక్కనున్న రక్షిత అడవికి తీసుకెళ్లి పాఠం చెప్పాలని ఆమె పట్టుదల. ఆకు గురించి ఆకు ముందు నిలబడే చెప్పాలంటుంది. హెడ్మాస్టర్ అంజయ్య సార్ ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు.

"ఒక్క పిల్ల తప్పిపోయినా సరే, మల్ల గా అడవి పేరెత్తొద్దు మేడం."

అందుకే ఆమె నాకు మూరకొక ముడి వేసింది. ఇరవై ఆరు మంది పిల్లలు, ఇరవై ఆరు ముడులు, ఎవరి ముడి వాళ్లదే. దాన్ని పట్టుకునే నడవాలి. తిరిగి బయల్దేరేముందు టీచర్ ముడులు లెక్కపెట్టేది. అబ్బో, అప్పట్లో నా గొప్ప చెప్పనలవి కాదు! ఏ చెయ్యి ఎవరిదో పట్టుకోగానే తెలిసేది నాకు.

చిట్టచివరి ముడి రేణుకది. బడిలో నోరు విప్పని పిల్ల. అడవిలో మాత్రం కనిపించిన ప్రతిదాని గురించీ తనలో తాను మాట్లాడుకుంటూ నడిచేది. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

ఒక శనివారం ఆ పిల్లకు గులకరాళ్ల నేలమీద తీతువు గుడ్లు కనిపించాయి. అరిస్తే కీడని ఊళ్లో రాళ్లు విసిరి తరిమే పిట్ట అది. కంచె సందులోంచి మేకల మంద అటే వస్తోంది. రేణుక తన ముందున్న స్వప్న చెవిలో, "నా ముడి గూడ నువ్వే పట్టుకో, ఇప్పుడే వస్త" అని చెప్పి జారుకుంది.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. టీచర్ గబగబా ముడులు లెక్కపెట్టింది. ఇరవై ఆరూ పిడికిళ్లలో ఉన్నాయి. పదండి పదండి అంది. చివరి రెండు ముడుల మీదా ఒకే పిల్ల చేతులున్నాయని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు లేని జన్మ!

బడి గేటు దగ్గర స్వప్న బావురుమంది. టీచర్ పరుగున వెనక్కి తిరగబోతే, ఏడుపు విని అడవి కాపలాదారు కొమ్రయ్య ఎదురొచ్చి, "తాడు గూడ తెండ్రి. లోపల పాత బాయి ఉన్నది" అన్నాడు. ఆమె నన్ను గుండెకు హత్తుకుని పరుగెత్తింది. ఆమె గుండె దడ నా ప్రతి పోగుకూ తెలిసింది.

రేణుక బావిలో లేదు. వానలో తడుస్తూ, రెండు చేతులూ చాచి మేకలకు అడ్డంగా నిలబడి ఉంది. నెత్తిమీద తీతువు ఒకటే అరుపు.

"తొక్కుతయి టీచర్" అంది.

టీచర్ ఆ పిల్లను వాటేసుకుని ఏడ్చింది.

సోమవారం అంజయ్య సార్, "ఇగ చాలు మేడం" అనేశాడు. అంతలో రేణుక తల్లి లచ్చవ్వ వచ్చింది. గొడవ తప్పదనుకున్నారంతా. ఆమె కొంగు దోపుకుని నిలబడింది.

"నా బిడ్డ అడవిల తప్పిపోలే సారూ. అయిదేండ్ల సంది మీ బడిల్నే తప్పిపోయింది. దాని గొంతెట్లుంటదో మీకెర్కనా?"

అంజయ్య సారుకు నిజంగానే తెలియదు.

"అడవికి తోల్కపోండ్రి. ముడుల్ని గాదు, పిల్లల్ని సూస్కోండ్రి" అని ఆమె కూలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం టీచర్ ఒక్కతే కూర్చుని నా ముడులన్నీ విప్పింది. గోళ్లు నొప్పిపెట్టినా వదల్లేదు. తర్వాత కొమ్రయ్య నన్ను నాలుగు కర్రలకు చుట్టి, తీతువు గుడ్లకు దడి కట్టాడు. ఎండకూ వానకూ పీచు ఊడుతోంది. ఈ మట్టిలోనే కలిసిపోతాను, బాధేం లేదు.

మొన్న శనివారం పిల్లలతో అంజయ్య సార్ కూడా వచ్చాడు. తిరిగి వెళ్లేముందు టీచర్ ఒక్కొక్కరి ముఖం చూసి, పేరు పెట్టి పిలిచింది. అందరికంటే చివర, "ఉన్న టీచర్" అని ఒక గొంతు పలికింది.

అది ఎవరిదా అని అంజయ్య సార్ వెనక్కి తిరిగి చూశాడు.