మింగినా చంపలేని కణాలు

కొండ ఊరు నారిన్‌లోని ఆసుపత్రి ల్యాబులో కనిషాయ్ ముప్పై ఏళ్లుగా రక్తకణాలు లెక్కపెడుతోంది. అందరూ ఆమెను ఎజే అని, అంటే పెద్దక్క అని పిలుస్తారు.

ఐదేళ్ల బేగిమాయ్ మెడ మీద చీముగడ్డతో ఆసుపత్రిలో చేరడం ఆ ఏడాది అది నాలుగోసారి. పెద్ద డాక్టరు తురాత్‌బెక్ వార్డంతా వింటుండగా, గుడారంలో ఉంటూ పశువులు కాసుకునే తల్లి నురైకాను కడిగేశాడు. పేడ చేతులతో పిల్లను ముట్టుకుంటే ఇలాగే అవుతుందని, గుడారం శుభ్రంగా ఉంచుకోమని. రోజుకు రెండుసార్లు నీళ్లు కాచి పిల్లను తోమే నురైకా తల వంచుకుంది.

ఆ చీము చుక్కను కనిషాయ్ మైక్రోస్కోపు కింద పెట్టింది. తెల్లకణాలు దండుగా వచ్చి క్రిములను మింగాయి. తమ పని తాము చేశాయి. కానీ మింగిన క్రిములు లోపల చెక్కుచెదరకుండా, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అలాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు. వెళ్లి చెబితే, లెక్కపెట్టడం నీ పని, వైద్యం నా పని అన్నాడు డాక్టరు.

కనిషాయ్‌కి ఒళ్లు మండింది. రాజధాని బిష్కెక్‌లో ఉన్న పాత సహాధ్యాయిని అడిగి, వ్యాను డ్రైవరు చేత ఒక పసుపు రంగుమందు తెప్పించుకుంది. మింగిన క్రిమిని చంపే విషాన్ని కణం తయారుచేసుకోగలిగితే ఆ పసుపు ముదురు నీలంగా మారుతుంది. తన వేలు పొడుచుకుంది, నురైకాది పొడిచింది, పిల్లది పొడిచింది. పెద్దవాళ్లిద్దరి కణాలూ నీలమయ్యాయి. పిల్లవి పాలిపోయే ఉన్నాయి. మూడు రోజులు వరసగా చేసింది. మూడుసార్లూ అంతే.

పొద్దుటి సమావేశంలో మైక్రోస్కోపు మోసుకొచ్చి డాక్టరు బల్ల మీద పెట్టింది.

"ఈ పరీక్ష ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలా. నేనే చేశా."

"నీ మీద మెమో రాస్తాను, ఎజే."

"రాసుకో. ముందు ఇందులోకి చూడు. ఆ తల్లి చేతుల్లో తప్పేం లేదు, లోపం పిల్ల రక్తంలో పుట్టుకతోనే ఉంది."

అతను చూశాడు. చాలాసేపు తలెత్తలేదు. మధ్యాహ్నానికి బిష్కెక్ పెద్దాసుపత్రికి పంపే కాగితం మీద సంతకం పెట్టాడు. మెమో కూడా రాశాడు.

తెల్లకణాలు క్రిములను చంపలేని పుట్టుజబ్బేనని అక్కడ ఖాయం చేశారు. రోజూ మందు వెయ్యాలి, బూజు ఉంటుంది కాబట్టి ఎండుగడ్డి దగ్గరకు పోనివ్వకూడదు. పూర్తిగా నయమయ్యేది కాదు గానీ, ఆ వేసవంతా పిల్లకు ఒక్క గడ్డా లేవలేదు.

ఆకురాలే కాలంలో నురైకా పిల్లను తీసుకుని వార్డుకు వచ్చింది. డాక్టరు రోగులను చూస్తున్నాడు. ఆమె నేరుగా వెళ్లి అతని ఎదుట నిలబడింది.

"మా ఇల్లు మురికన్నారు. అందరి ముందూ అన్నారు. అందరి ముందే కాదని చెప్పండి."

మంచాల మీదివాళ్లు ఇటు తిరిగారు. కనిషాయ్ గుమ్మంలో ఉంది, లోపలికి రాలేదు. తన అవసరం లేదనిపించింది.

"పొరబడ్డాను," అన్నాడు డాక్టరు నేల చూస్తూ.

"చివరి మంచం దాకా వినపడలేదు," అంది నురైకా.

అతను గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాడు.